రెక్కలు ఏడు, విమానం లేదు

పక్క వీధి కుర్రాడు ఈ వారం ఒక బిస్కెట్ డబ్బా పట్టుకొచ్చాడు. ఇల్లు మారుతూ అటక మీది సామాను దించితే బయటపడిందట. "తాతయ్యది అంకుల్, విమానం కిట్. అన్నీ ఉన్నాయి. ఆదివారానికి అతికించి ఇచ్చేయండి చాలు" అన్నాడు. మూత తీశాను. రెక్కలే ఏడున్నాయి. చక్రాలు గుప్పెడు. ఒక పైలట్‌కి తల లేదు. వాళ్ల తాతగారు ఎన్ని కిట్లు కొన్నారో గానీ ఒక్కటీ పూర్తిగా ఇందులో లేదు. ఆ మాటే చెబితే, పని ఎగ్గొట్టడానికి వంక పెడుతున్నాననుకున్నాడు.

నా చాదస్తం ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. కిట్‌తో వచ్చిన కాగితాన్ని పారేసేవాడికి ప్లాస్టిక్ ముట్టుకునే హక్కు లేదని ఇక్కడే రాశాను, ఉత్తరాల్లో చీవాట్లూ తిన్నాను. మాట మార్చుకోను. కిట్‌లో ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి, దాన్ని స్ప్రూ అంటాం. ముక్క నంబరు సాధారణంగా ఆ చట్రం మీదే ఉంటుంది. కత్తిరించామంటే ముక్క చేతికీ నంబరు చెత్తబుట్టకీ పోతాయి. కొన్ని పాత కిట్లలో రెక్క లోపలి వైపున కూడా నంబరు వేసేవారు. ఈ డబ్బాలో అలాంటిది ఒక్కటీ లేదు.

నంబరు లేకపోతే ముక్కనే నిలదీయాలి. అన్నిటికన్నా ఎక్కువసేపు నన్ను కూర్చోబెట్టింది ఒక ప్రొపెల్లర్. దానికి ఐదు బ్లేడులు. బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ మొదట్లో రెండు బ్లేడుల చెక్క ప్రొపెల్లర్‌తో ఎగిరింది. ఇంజన్ బలం పెరిగేకొద్దీ అవి మూడయ్యాయి, నాలుగయ్యాయి, మార్క్ 14 రకం నాటికి ఐదయ్యాయి. అలాగని బ్లేడులు లెక్కపెట్టి ఊరుకుంటే సరిపోదు, మెలి కూడా చూడాలి. పైలట్ సీటులోంచి చూస్తే మొదటి స్పిట్‌ఫైర్‌లలోని మెర్లిన్ ఇంజన్ ప్రొపెల్లర్‌ని గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పుతుంది. మార్క్ 14లో పెట్టిన గ్రిఫన్ దానికి ఎదురు తిప్పుతుంది. కాబట్టి బ్లేడు ఒరిగిన దిక్కు చూస్తే వెనక ఏ ఇంజన్ ఉండేదో తెలుస్తుంది. ఎందుకూ కొరగాని జ్ఞానమని మా ఇంట్లో అభిప్రాయం. దీపం వెలుగులో ఆ ముక్కను తిప్పి చూసి, ఎదురు మెలి కనబడగానే గట్టిగా "గ్రిఫన్!" అని అరిచింది మాత్రం నిజం.

మిగతావాటికి స్కేలు చాలు. అసలు స్పిట్‌ఫైర్ రెక్కలు కొస నుంచి కొసకి 11.23 మీటర్లు. అందులో 72వ వంతు 15.6 సెంటీమీటర్లు, 48వ వంతు 23.4. కొలిస్తే రెక్క ఏ సైజు కిట్‌దో తేలిపోతుంది. ఒకే కిట్‌లో రెండు మూడు రంగుల ప్లాస్టిక్, పైన నాగలి చాళ్లంత లోతున గీతలు ఉన్నాయంటే మ్యాచ్‌బాక్స్ వాళ్లదని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. నున్నటి పొడుగాటి ట్యాంకు ఒకటి దొరికింది. బాంబర్లకు తోడుగా జర్మనీ దాకా వెళ్లిన అమెరికన్ యుద్ధవిమానాలు మస్టాంగ్‌లు, థండర్‌బోల్ట్‌లు అదనపు పెట్రోలుకి తగిలించుకున్న 108 గ్యాలన్ల ట్యాంకు అది. బ్రిటన్‌లో ఆ ట్యాంకుల్ని కాగితంతో, జిగురుతో చేశారు. పెట్రోలు అయిపోగానే గాల్లోనే వదిలేసేవారు.

డబ్బా అడుగున పసుపెక్కిన డెకాల్ (బొమ్మ మీద అతికించే గుర్తుల) కాగితం ముక్క కనబడింది. దాని మీద బూడిదరంగులో రెండు అక్షరాలు: యూ, ఎమ్. అక్కడితో ఆ రాత్రి పని ఆగిపోయింది.

యూఎమ్ అంటే బ్రిటిష్ వైమానిక దళం 152వ స్క్వాడ్రన్, మన హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని చిహ్నం నిజాం తలపాగా, నినాదం 'నమ్మకమైన మిత్రుడు'. 1940 వేసవిలో ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్‌లతో జర్మన్లని ఎదుర్కొంది, తరవాత బర్మాకి వచ్చింది. అంతకుముందే, మొదటి ప్రపంచ యుద్ధంలో, 110వ స్క్వాడ్రన్‌కి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డీహెచ్9ఏ విమానాలు బహూకరించారు. అవి నిజాం కానుక అని ఆ విమానాల మీద రాశారు. ఆ సొమ్ము ఎవరి పొలాల శిస్తు అని అడిగే పాఠకులున్నారని తెలుసు. సరైన ప్రశ్నే.

ఆ విమానాల్లో ఎఫ్1010 నంబరుది 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో తూర్పుకి తరలిస్తే పోలండ్‌లో మిగిలిపోయింది, రెక్కలు మాత్రం దారిలో ఎక్కడో పోయాయి. 1977లో లండన్ ఆర్ఏఎఫ్ మ్యూజియం ఆ మొండేన్ని క్రాకో మ్యూజియం నుంచి తెచ్చుకుంది. ప్రతిగా ఇచ్చింది ఒక స్పిట్‌ఫైర్‌ని! తరవాత కొత్త రెక్కలు చేయించి తొడిగారు. రెక్కల్లేని మొండెం కోసం స్పిట్‌ఫైర్‌ని వదులుకోవడం తెలివైన బేరమేనా అంటే, నా దృష్టిలో ముమ్మాటికీ తెలివైనదే. అది ఏ విమానమో తెలుసు కాబట్టే ఆ బేరం కుదిరింది.

ఆ ఉత్సాహంలో డబ్బా అంతా విడదీసి, విమానానికో కవరు పెట్టి, పేర్లు రాసేశాను. పేరులేని ముక్క ఉండకూడదన్నది నా పాత వాదనే. ఈ వారం దానికి నిజాం సొమ్ము కూడా సాక్ష్యం పలికిందని రాయబోయాను.

ఇంతలో నా కిరణ్ అడ్డొచ్చింది. దుండిగల్ అకాడమీ ఆకాశంలో చూసిన ఆ శిక్షణ విమానాన్ని చెక్కతో చెక్కుతున్నానని, అది ఎన్నటికీ పూర్తికాదని పాత పాఠకులకు తెలుసు. దానికి సన్నటి పుల్లలాంటిది ఒకటి కావలసొచ్చింది. నిన్నటిదాకా అయితే డబ్బాలో వేళ్లు పెట్టి కెలికి, చేతికందింది అతికించేవాణ్ణి. ఇప్పుడు కవర్లు తీస్తుంటే, ఇది స్పిట్‌ఫైర్‌ది, ఇది మస్టాంగ్‌ది, దీన్నెలా వాడతాను? ప్రతి ముక్కకీ యజమాని పుట్టుకొచ్చాడు. ఇంటి నిండా సామాను ఉండి కూడా పుల్ల లేకుండా పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది: 1977 నాటి స్టార్ వార్స్ సినిమాకి అంతరిక్ష నౌకలు చేసినవాళ్లు ట్యాంకులు, కార్లు, విమానాల కిట్లు గుట్టగా కొని, ముక్కలు విరిచి నౌకల ఒంటినిండా అతికించారు. ఆకారం కుదిరిందా లేదా అన్నదొక్కటే చూశారు. అంతకుముందు థండర్‌బర్డ్స్ బొమ్మల సీరియల్‌కి పనిచేసిన డెరెక్ మెడ్డింగ్స్ బృందానిదీ అదే పద్ధతి. ఈ గొట్టం జర్మన్ ట్యాంకుదని, ఆ పలక రేసు కారుదని ఆ నౌకల్లోని ముక్కల్ని గుర్తుపట్టేవాళ్లు ఇవాళ ప్రపంచమంతా ఉన్నారు. నా జాతివాళ్లే, వాళ్లంటే నాకు గౌరవం. కానీ నౌకలు కట్టింది వాళ్లు కాదు.

కవర్లన్నీ చించేశాను. గుండ్రటివి ఒక అరలో, పొడుగాటివి ఒక అరలో, చదునువి ఇంకో అరలో పోశాను. డెకాల్ కాగితం ఒక్కటే విడిగా దాచాను, అది హైదరాబాద్‌ది.

మూడు కొమ్ముల ముక్క ఒకటి చివరిదాకా ఏమిటో తేలలేదు. కిరణ్ పొట్ట కింద యాంటెన్నాగా చక్కగా కుదిరింది. అలాంటిది అక్కడ ఉండదని దుండిగల్‌లో పనిచేసిన పాఠకులు ఉత్తరం రాసే పని పెట్టుకోవద్దు. ఉండదని నాకూ తెలుసు.