ఆదర్శ క్షేత్రము – ఇల్లాలి దీపము

మితముగా జీవింపవలెననియు, తమ యన్నవస్త్రములను తామే సంపాదించుకొనవలెననియు కోరు గృహస్థులు మనలో ననేకులు గలరు. కోరిక మంచిదే. కాని యట్టి సంసారమున నెవరి కెంత పని పడునో ముందుగా లెక్క చూచుకొనువా రరుదు. ఆ లెక్కను చూపిన చిన్న కథ యొకటి అమెరికా వాఙ్మయమున గలదు. అది లూయిసా మే ఆల్కాట్ 1873లో ప్రకటించిన ‘ట్రాన్సెండెంటల్ వైల్డ్ ఓట్స్’.

పేర్లు మార్చి వ్రాసినను ఇది రచయిత్రి బాల్యానుభవమే. ఆమె తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్, చార్లెస్ లేన్ అను ఆంగ్లేయ మిత్రునితో గూడి, 1843 జూన్ నెలలో మసాచుసెట్సు రాష్ట్రమందలి హార్వర్డు గ్రామమున ‘ఫ్రూట్‌లాండ్స్’ అను క్షేత్రమును స్థాపించెను. సుమారు 90 ఎకరముల యా భూమికి సొమ్మిచ్చినవాడు లేన్. అప్పటికి లూయిసాకు పదియేండ్లు. అచ్చట మాంసము, పాలు, గ్రుడ్లు, కాఫీ, తేయాకు నిషిద్ధములు. ప్రత్తి బానిసల చెమటతో పండునది గావున నూలుబట్ట కూడదు. ఉన్ని గొఱ్ఱెల సొత్తు గావున నదియు గూడదు. పశువులచే పని చేయించుటయు తప్పని మొదట పారలతోనే త్రవ్వసాగిరి.

ఈ నియమములలో కొన్ని నవ్వు పుట్టించును. కాని బానిసత్వమున బుట్టిన వస్త్రమును తాకమనుటలో నవ్వదగిన దేమియు లేదు. రచయిత్రి హాస్యమునకు గురి యైనది వేఱొకటి: వ్రతము పట్టినవా రొకరు, దాని భారము మోసినవారు వేఱొకరు. ఒక పొలముననే మువ్వురు సోదరులు మూడు విధముల ధాన్యము చల్లి, సగము పని యైన పిదప తమ పొరపాటు గ్రహింతురు. ఇంటిలో నన్ని నియమములకు తలయొగ్గిన తల్లి, దీపము విషయమున మాత్రము పట్టు విడువదు. చినిగిన బట్టలు కుట్టుటకు వెలుగు కావలెను గదా! ఒక యతిథి, ఇచ్చట బరువు మోయు పశువు లేవైన గలవా యని యడుగగా, ఆమె తన్నే చూపుకొనునట్లు బదులు చెప్పును.

కథకు ప్రాణమైన ఘట్టము కోతకాలమునది. పంట కోసి యున్నది. పురుషులు ధర్మప్రచారమునకై వెడలిపోయిరి. గాలివాన క్రమ్ముకొని వచ్చుచున్నది. తల్లి ముగ్గురు బాలికలను, ఒక బాలుని వెంటబెట్టుకొని, బట్టలబుట్టలతోను దుప్పట్లతోను ధాన్యమును మోసి యింటికి జేర్చెను. సిద్ధాంతములు ప్రచారమునకు బోగా, అన్నమును గాచినది యీ నాలుగు జతల పసిచేతులును, ఆ తల్లియు.

1844 జనవరికి క్షేత్రము ముగిసినది. తండ్రి యన్నము మాని మంచము పట్టెను; తల్లి పొరుగువారి యింట గదులు కుదుర్చుకొని సంసారమును నిలువబెట్టెను. ఇచ్చట నాకొక కొఱత తోచుచున్నది. తండ్రి నిరాశను గంభీరముగా వర్ణించిన రచయిత్రి, తల్లి బాధను పరిహాసముతో దాటించినది. ఆదాయవ్యయముల పట్టికయు ఈ కథలో లేదు. అది కావలసినవారు థోరో 1854లో ప్రకటించిన ‘వాల్డెన్’ చూడవలెను. తన గుడిసెకు 28 డాలర్ల పండ్రెండున్నర సెంట్లు పట్టినవని యాతడు లెక్క వ్రాసెను. కాని యది యొంటరివాని లెక్క. ఆ గుడిసెలో ఆకొన్న పిల్లలు లేరు. కావున నీ రెండు పుస్తకములను జతగా జదువుట మేలు.

చదువరులారా! ఈ కథ చదివి మితవ్యయమును వెక్కిరింపవలదు. బజారు పిండి మానుదమని యజమానుడు నిశ్చయించినప్పుడు తిరుగలి యెవరు త్రిప్పుదురో, చాకలి ఖర్చు తగ్గించినప్పుడు బట్ట లెవ రుతుకుదురో యా పూటనే యింటిల్లిపాదియు గూర్చుండి తేల్చుకొనవలెను. ఇల్లాలి వీపుమీదికి మార్చిన ఖర్చును మిగిలిన సొమ్ముగా లెక్క వ్రాయుట న్యాయము కాదు. ఆమెతో గూడ తిరుగలి పిడి పట్టువా డొకడున్న యింట పొదుపు నిలుచును.