షాడో పక్కన మీనా

నవలలు ఇష్టంగా చదివేవాళ్లను ఏం చదువుతారని అడిగితే, జవాబు ఒక పేరుతోనో ఒక రకంతోనో వస్తుంది. యద్దనపూడి అని ఒకరు, మధుబాబు అని ఇంకొకరు, క్షుద్ర నవలలని మరొకరు, చారిత్రకమైతేనే ముట్టుకుంటానని వేరొకరు. నచ్చింది చదువుకోవడంలో తప్పు లేదు. కానీ ఒక్క రకం దగ్గరే ఆగిపోయిన పాఠకుడికి ఆ రకం కూడా పూర్తిగా తెలియదన్నది నా వాదన. డిటెక్టివ్ నవల ఏం చేయగలదో, దాని చేతికి ఏది అందదో తెలియాలంటే కుటుంబ నవల చదివి ఉండాలి. కుటుంబ నవలలో రచయిత్రి ఏ సంగతి మెల్లగా దాటేసిందో పసిగట్టాలంటే అపరాధ పరిశోధన కథలు నేర్పిన అనుమానపు చూపు కావాలి. ఎవరు ఎప్పుడు ఏమన్నారు, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి అన్న లెక్క డిటెక్టివ్ యుగంధర్ వెంట తిరిగిన పాఠకుడికి అలవాటవుతుంది. ఆ లెక్కను హత్యలేని కథకు కూడా వాడవచ్చని అతనికి తోచేది మాత్రం అలాంటి కథ చేతిలోకి తీసుకున్నప్పుడే. రకం మార్చి చదవడం అలా సాధనతో పట్టుబడే పని.

ఈ సాధన ఒకప్పుడు మన ప్రయత్నం లేకుండానే జరిగిపోయేది. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వంటి వారపత్రికల్లో ఓ ప్రేమ సీరియల్, ఓ సస్పెన్స్ సీరియల్, నాలుగైదు కథలు, కాస్త చరిత్ర, కాస్త సైన్సు ఒకే కుట్టులో ఉండేవి. ఒక సీరియల్ కోసమే కొన్నా, మళ్లీ సంచిక వచ్చేదాకా వారం గడవాలి కాబట్టి మిగతా పేజీలూ తిరగేసేవారు. అద్దె పుస్తకాల కొట్టుది ఇంకో తీరు. అక్కడ చోటు తక్కువ, పుస్తకాలు ఎక్కువ. రకాల వారీగా సర్దే తీరిక ఎవరికీ ఉండేది కాదు. మధుబాబు షాడో నవల పక్కన యద్దనపూడి ‘మీనా’, దాని మీద ‘తులసిదళం’, దాని కింద అట్ట చిరిగిన అడివి బాపిరాజు. అడిగింది బయటికి వెళ్లి ఉంటే, ఉన్నదాంట్లో ఒకటి పట్టుకుపోవడమే. మధిర లాంటి ఊరికి ఇది మరీ దగ్గరి సంగతి. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో ఉన్న ఊరు. తెలుగు పాపులర్ నవలకు పెద్ద అంగడి అయిన బెజవాడకు ఇక్కడి నుంచి రైల్లో గంట ప్రయాణం. జిల్లా కేంద్రం ఖమ్మం అయినా పుస్తకాల దారి బెజవాడదే.

మధిర చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చూస్తే నా వాదనకు ఇంకో బలం దొరుకుతుంది. కొమర్రాజు లక్ష్మణరావు పుట్టిన పెనుగంచిప్రోలు, పాత లెక్కన చెప్పాలంటే, సరిహద్దు అవతల. మధిర నిజాం రాజ్యంలో, అది మద్రాసు ప్రెసిడెన్సీలో. ఆయన 1906లో గాడిచర్ల, రావిచెట్టు రంగారావులతో కలిసి హైదరాబాదులో పెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి పని తెలుగువారికి శాస్త్రాలూ చరిత్రా అందించడం. అంత పట్టుదలగల చరిత్రకారుడు నడిపిన ఆ మండలే చారిత్రక నవలలకు పోటీలు పెట్టి, అచ్చువేసి పంచింది. చరిత్ర పుస్తకం చదవనివాడు నవల దారిలో చరిత్రలోకి వస్తాడని వాళ్లు గ్రహించారు. విస్సన్నపేటలో పుట్టిన నండూరి రామమోహనరావు పిల్లల కోసం ‘ట్రెజర్ ఐలండ్’ను ‘కాంచనద్వీపం’గా తెలుగు చేశారు; ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రాసి నక్షత్రాల గురించి, మనిషి పుట్టుక గురించి చెప్పిందీ ఆయనే. సముద్రపు దొంగల కథకూ ఖగోళానికీ ఆయన వాడిన తెలుగు ఒక్కటే, అంతే తేట. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’ శీర్షిక కింద స్వాతి మాసపత్రికలో ఇంగ్లీషు నవలలను సంక్షిప్తంగా పరిచయం చేస్తూ పోయారు. ఇంగ్లీషు రాని గృహిణి నెలకో కొత్త రచయితను, కొత్త దేశాన్ని కలుసుకున్నది ఆమె పుణ్యానే. ఒక శీర్షిక చేసిన పనిగా దానికి రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

రాసేవాళ్లు కూడా ఈ గోడలను పెద్దగా లెక్కచేయలేదు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ అనే మహా ప్రయత్నాన్ని ఒంటిచేత్తో నడిపిన ఆరుద్ర ‘పలకల వెండిగ్లాసు’ అనే డిటెక్టివ్ నవలా రాశారు. నన్నయ నుంచి మొదలుపెట్టి పాఠాలు, కాలాలు, కర్తృత్వాలు తేల్చే పరిశోధకుడికి ఆధారాల వెంట పడటం ఇష్టమైన పనే అయి ఉంటుంది. ‘చదువు’ నవల రాసిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ పనిలోనే ఉన్నారు. విరసం స్థాపనలో పాలుపంచుకున్న మార్క్సిస్టు, బేతాళ కథల పత్రికలో రాజులు, రాక్షసుల కథలకు తన వాక్యాన్ని అప్పగించడం చిన్న విషయం కాదు. ‘చిల్లర దేవుళ్లు’లో నిజాం కాలపు తెలంగాణ పల్లెను అక్కడి మాటతోనే నిలబెట్టిన దాశరథి రంగాచార్య తరవాత నాలుగు వేదాలనూ తెలుగులోకి తెచ్చారు. వీళ్లెవరికీ లేని అంటరానితనం పాఠకులమైన మనకెందుకు?

మన ప్రాంతానికి తగిన ఉదాహరణ అడవి. మధిర దాటి ఈశాన్యానికి పోతే గోదావరి దాకా, ఆపైన భద్రాచలం అవతలికీ అడవులున్నాయి. తెలుగు నవల అడవిని ఎన్ని రకాలుగా చూసిందో పక్కపక్కన పెట్టుకుంటే, రకం మార్చి చదవడం వల్ల ఏం దక్కుతుందో తెలుస్తుంది. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన ‘శిథిలాలయం’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటి సీరియల్స్‌లో అడవి అంటే దారి తప్పే చోటు, పాడుబడ్డ గుడి, మాంత్రికుడు, ప్రతి మలుపులో గండం. అక్కడ చెట్టుకు యజమాని ఎవరన్న ప్రశ్న పుట్టదు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవలలోకి అడుగుపెడితే కథంతా ఆ ప్రశ్నతోనే నడుస్తుంది. పోడు ఎవరిది, పశువు మేసినందుకు సుంకం ఎవరికి, అడవిని కొలిచే గొలుసు ఎవరి చేతిలో ఉంది? ఇక బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీ నవల ‘ఆరణ్యక్’, సూరంపూడి సీతారామ్ తెలుగులో ‘వనవాసి’. అందులో కథ చెప్పేవాడు జమీందారీ మేనేజరు. అడవి అందానికి ఒళ్లు మరిచిపోయేదీ అతనే, ఆ అడవిని కౌలుకిచ్చి నరికించేదీ అతనే. మొదటి దానిలో భయం, రెండో దానిలో హక్కు, మూడో దానిలో అపరాధ భావం. మూడూ చదివినవారికి చందమామ సీరియల్ చిన్నబోదు. అడవి తెలియనిదిగా, మన కొలతకు లొంగనిదిగా ఉండాలన్న కోరిక జానపద కథలోనే నిండుగా దొరుకుతుందని అప్పుడే అర్థమవుతుంది. అదే సమయంలో, అక్కడ మనుషులు కాపురముంటారన్న సంగతిని ఆ కథలు ఎంత తేలిగ్గా మరిచిపోయాయో కూడా అప్పుడే కనబడుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. పాపులర్ నవలలన్నీ చదవమంటే అందులో విషం కూడా చదవమన్నట్టే కదా అంటారు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ సీరియల్‌గా వచ్చినప్పుడు దానికున్న ఊపు అంతా ఇంతా కాదు. అది మూఢనమ్మకాలను పెంచుతోందని రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన ఏజెన్సీ ప్రాంతం నుంచి ఇప్పటికీ వస్తున్నప్పుడు, క్షుద్ర విద్యను థ్రిల్‌గా అమ్మడం మీద ఆమె కోపం న్యాయమైనదనే నేనూ అంటాను. అయితే ఆ కోపం అంత పదునెక్కింది ఎందుకు? ఆమె ఆ నవలను పట్టించుకుని, పట్టి పట్టి చదివారు కాబట్టి. క్షుద్ర నవలలంటే మొహం తిప్పుకున్న విమర్శకుడు అలాంటి పుస్తకం రాయలేడు. అలాగే, యండమూరి ఒక్కో అధ్యాయాన్ని ఎక్కడ ఆపి పాఠకుణ్ణి వారం పాటు ఎలా పట్టి ఉంచారన్నది గమనించకుండా, ఇంతమందికి ఆ నమ్మకం అంత బలంగా ఎలా చేరిందో చెప్పలేం. నవలను, దాని మీది విమర్శను ఒకే నెలలో చదివినవాడికి రెండింటి బలమూ తెలుస్తుంది. పుస్తకాన్ని దాచేస్తే విమర్శ కూడా గాలిలో మాటవుతుంది.

ప్రేమ నవలల మీదా ఇలాంటి ఫిర్యాదే. కారు, బంగళా, ఆస్తిపరుడైన కథానాయకుడు ఆడపిల్లలకు పగటి కలలు నేర్పాయని. నిజమే, నేర్పాయి. కానీ యద్దనపూడి ‘సెక్రటరీ’ రాసిన 1960ల నడుమ, మధ్యతరగతి ఇంటి ఆడపిల్ల ఆఫీసులో ఉద్యోగం చేసి, తన మాట తాను నిలబెట్టుకోవడమే చాలామంది పాఠకురాళ్లకు కొత్త దృశ్యం. ఆ నవలలో కారునే చూసినవారు సగమే చూశారు. దాని పక్కన రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ పెట్టుకుంటే, పెళ్లితో ఆగిపోయిన కథ పెళ్లి తరవాత ఎక్కడికి పోగలదో తెలుస్తుంది. రెండోది మాత్రమే చదవమని ఉపదేశించేవారితో నాకు పేచీ ఉంది. మొదటి దాని ఆకర్షణ తెలియని పాఠకురాలికి రెండోది ఎవరితో తగువు పడుతోందో ఎలా తెలుస్తుంది?

ఇక అనుకరణ. మన డిటెక్టివ్, స్పై నవలల్లో కొన్నింటికి మూలం పెర్రీ మేసన్ దగ్గరో, జేమ్స్ హాడ్లీ ఛేజ్ దగ్గరో ఉందన్న మాట పాతదే. దాన్ని కాదనను. కానీ ఎరువు కథకూ సొంత కథకూ తేడా పట్టగలిగేది రెండు చోట్లా చదివినవాడే. ఆయుష్షు చిన్నది, గొప్ప పుస్తకాలే పూర్తి చేయలేనప్పుడు కాలక్షేపం బఠానీలెందుకు అన్న మాటకు నా జవాబు ఇంకా చిన్నది. ఏది గొప్పదో ముందే తీర్మానించి చదివేవాడు వేరేవాళ్ల తీర్మానాన్నే చదువుతాడు. వెయ్యి దాకా నవలలు రాశారని పేరున్న కొవ్వలిలో పది చదివి, తొమ్మిది పక్కన పెట్టినా, ఎందుకు పక్కన పెట్టామో చెప్పగలిగితే అది వృథా అయిన కాలం కాదు.

నన్ను కలవరపెడుతున్నది వేరే సంగతి. కలగలిపి చదివించిన ఏర్పాట్లు ఒక్కటొక్కటిగా పోయాయి. వారపత్రికల్లో చాలావరకు మూతపడ్డాయి, చందమామ ఆగిపోయింది, అద్దె పుస్తకాల కొట్లు సెల్‌ఫోన్ దుకాణాలయ్యాయి. కథలు చదవడం మాత్రం ఆగలేదు. ప్రతిలిపి వంటి యాప్‌లలో తెలుగు సీరియల్స్ లక్షణంగా నడుస్తున్నాయి, రాసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. అయితే యాప్‌కు మన రుచి తెలిసిపోతుంది. రెండు ప్రేమ కథలు చదివితే మూడోది, ముప్పయ్యోది కూడా ప్రేమ కథే చూపిస్తుంది. చోటు చాలక కొట్టువాడు కలిపి పెట్టిన పుస్తకాలను, చోటుకు కొదవలేని యాప్ విడివిడి గదుల్లో పెట్టింది. మన చేత వారపత్రికలు చేయించిన పని ఇప్పుడు మనమే పూనుకుని చేయాలి. దానికి తగిన చోటు ఇంకా మిగిలి ఉంది. అది ప్రభుత్వ గ్రంథాలయం. ఈమధ్య అక్కడి బల్లలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటున్నాయి. అది మంచిదే, వాళ్లకు ఆ నీడ ఉండాలి. కానీ నవలల బీరువా తాళం కూడా రోజూ తెరుచుకోవాలి; కొత్త పుస్తకాలు కొనేటప్పుడు పోటీ పరీక్షల గైడ్లతో పాటు డిటెక్టివ్, చారిత్రక, జానపద, కుటుంబ నవలలకు కూడా చోటు దక్కాలి.

మధిర పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ఈ వారం గ్రంథాలయానికి వెళ్లి, ఇంతవరకు మీరు ఒక్కటి కూడా చదవని రకం నవల అడిగి తెచ్చుకోండి. లేదంటే ఎందుకు లేదని అడగండి. అడిగే హక్కు మీకుంది: 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటి పన్నుపై ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్నుగా అదనంగా కడుతున్నారు.