యాత్రారచనలో చిన్న సీమ: డిగ్లీపూర్

యాత్రాచరిత్ర తెలుగునకు కొత్త ప్రక్రియ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణము నుండి బయలుదేరి కాశికి పోయి, మరుసటి యేడు తిరిగివచ్చెను. దారి పొడుగునను ఆయన వ్రాసిన ‘కాశీయాత్రచరిత్ర’ 1838లో అచ్చయినది. అందులో దేవాలయములతో పాటు మజిలీలు, నీటి వసతి, అంగళ్లు, ధరలు, ఆచారములు, కుంఫిణీవారి పరిపాలన అన్నియు ఒకే ధారలో సాగును. ఒక ఊరివారు ఏమి తినుచున్నారు, ఎవరి యేలుబడిలో నున్నారు అనునవి వేర్వేరు సంగతులని ఆయనకు తోచలేదు. ఆ గ్రంథము నేటికిని చదువబడుటకు ఇదియొక ముఖ్యకారణము.

విదేశయాత్రలు పెరిగిన పిమ్మట ఈ ప్రక్రియకు ఒక అచ్చు ఏర్పడినది. ఐరోపాలోని చిన్నదేశమును చూచివచ్చిన రచయిత ముందుగా కోటను గూర్చి కొంత చరిత్ర చెప్పును; తరువాత కొండలను, సరస్సులను వర్ణించును; చివర భోజనము రుచి తెలుపును. లక్సెంబర్గునకు గాని, మాల్టాకు గాని ఈ పద్ధతి కొంతవరకు చెల్లును. అచ్చట కోటకు ఫలకము, కొండకు బాట, వంటకమునకు పేరు ముందే అమర్చబడి యున్నవి. రచయిత ఆ అమరికను తెలుగు చేసిన చాలును. అట్టి అమరిక లేని చిన్న సీమకు పోయినప్పుడే ఈ అచ్చులోని లోపము బయటపడును. డిగ్లీపూర్ అట్టి సీమ.

డిగ్లీపూర్ ఉత్తరాండమానులోని ప్రధానమైన ఊరు. ఆ ద్వీపము విస్తీర్ణమున లక్సెంబర్గులో ఇంచుమించు సగముండును. కాని తెలుగు పాఠకునికి అండమాను అనగానే ద్వీపాంతరవాసమును, 1906లో పూర్తియైన సెల్యులార్ జైలును స్ఫురించును. పోర్ట్ బ్లెయిరు (2024లో దీనికి శ్రీవిజయపురమని పేరు పెట్టిరి) దాటగానే యాత్రికుని చరిత్రాధ్యాయము ముగిసి ప్రకృతివర్ణనము మొదలగును. ఉత్తరమున చరిత్ర లేదని ఆయన నమ్మకము. నిజమునకు 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ స్థాపించిన వలస స్థావరము 1792లో ఉత్తరాండమాను తూర్పుతీరముననున్న పోర్ట్ కార్న్‌వాలిస్‌నకే మారినది; రోగములు, మరణములు ప్రబలగా 1796లో మూతపడినది. 1824లో బర్మాపై దండెత్తిన ఆంగ్లనౌకలు గుమిగూడిన రేవును అదియే. అచ్చట కోట మిగులలేదు గనుక చరిత్రయు లేదనుట తొందరపాటు.

అంతకంటె పెద్ద చరిత్ర కట్టడములలో దొరకనిది. ఉత్తరాండమాను అడవులును, తీరములును గ్రేట్ అండమానీ తెగలవారివి. 19వ శతాబ్ది మధ్యమున వేలసంఖ్యలో నున్న ఆ జనము, తట్టు మొదలైన బయటి రోగములకు లోనై, 1901 నాటికి 625 మందికిని, 1961 నాటికి 19 మందికిని తగ్గిపోయెను. ఉత్తరాండమాను భాషలలో ఒకటియైన ‘బో’ భాషను ఎరిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసెను. ఒక భాష మొత్తము అంతరించిన చోట నిలిచి, సముద్రపు రంగును మాత్రమే వర్ణించి తిరిగివచ్చిన గ్రంథమును పూర్ణమైన యాత్రాచరిత్ర యనుట కష్టము.

తరువాత వచ్చినవారి చరిత్ర ఊళ్ల పేర్లలోనే వ్రాసియున్నది. దేశవిభజన పిమ్మట తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకులకు 1949 నుండి ద్వీపములలో భూములు ఇచ్చుట మొదలై, 1950 తరువాతి దశకములో డిగ్లీపూర్ ప్రాంతమునకును వారు చేరిరి. కాళీఘాట్, సుభాష్‌గ్రామ్, రామకృష్ణగ్రామ్, స్వరాజ్‌గ్రామ్ అను పేర్లు పోగొట్టుకొన్న సీమను మరల నిలుపుకొను యత్నములు. కేరళపురమను ఊరు మలయాళీల రాకను తెలుపును. అడవిపనులకై ఛోటానాగపూరు నుండి తేబడిన రాంచీవారు వీరికంటె ముందే ద్వీపములకు వచ్చిరి. పాత పేర్లు పలికిన నోళ్లు మూతపడగా కొత్త పేర్లు వెలసినవి. ఈ రెండు సంగతులను పక్కపక్కన నిలిపి చూచినగాని ఆ సీమ అర్థము కాదు. కాందిశీకుని కష్టము అబద్ధము కాదు. అతడు నాటుకొన్న నేల వట్టిదియును కాదు.

ఇక ప్రకృతి. 732 మీటర్ల సాడిల్ పీక్ అండమానులలో ఎత్తైన శిఖరము. సముద్రము పోటు తీసినప్పుడు రాస్, స్మిత్ ద్వీపముల నడుమ తేలు ఇసుకదారి మనోహరమైనది. వీనిని వర్ణించుట తప్పు కాదు. కాని అచ్చట నేలయు నిలుకడగా లేదు. 2002 సెప్టెంబరులో డిగ్లీపూర్ చెంత భూమి కంపించెను. 2004 డిసెంబరు భూకంపములో ఉత్తరాండమాను పడమటి తీరము పైకి లేచి, పగడపు దిబ్బలు నీటి వెలుపలపడి చచ్చిపోయెను. దక్షిణము నుండి డిగ్లీపూర్‌కు పోవు రహదారి జారవాల అభయారణ్యము గుండ సాగును. ఆ భాగమును మూయవలసినదిగా 2002లో సుప్రీంకోర్టు ఉత్తరువిచ్చెను. అయినను బండ్లు కాపలాతో గుంపులుగా అందు నడచుచునే వచ్చినవి. కిటికీలోనుండి కనబడిన మనుష్యులను చెట్లతో పాటు దృశ్యముగా వ్రాసిన వాక్యము ఎంత అందమైనదైనను నింద్యమే. యాత్రారచనకు శైలి మాత్రమే గాక మర్యాదయు ఉండవలెను.

భోజనప్రస్తావన ఈ గ్రంథములలో అన్నిటికంటె తేలికగా వ్రాయబడుచున్నది. డిగ్లీపూర్ వరిపొలములకును, నారింజలకును పేరుపడినది. ఆ వరి అడవిని కొట్టి చేసిన పొలములలో పండినది. ఒకే కడలి చేప బెంగాలీ యింట ఆవపిండితోను, మలయాళీ యింట కొబ్బరితోను, తెలుగింట చింతపండు పులుసుతోను ఉడుకుచుండగా, రుచిని చెప్పిన రచయిత వలసను చెప్పకుండుటెట్లు? కాళీపూర్ తీరమున చలికాలపు రాత్రులందు సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. నేటి యాత్రికునికి అది చూడదగిన వేడుక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు కాపాడదగిన ప్రాణి. ఆ తీరముల తొలి మనుష్యులకు ఆహారము. చరిత్ర, ప్రకృతి, భోజనము అను మూడు అధ్యాయములలో ఈ తాబేలు దేనికి చెందును? ఏ ఒక్కదానిలో పెట్టినను మిగిలిన రెండు అసత్యమగును.

తెలుగు రచయితకు ఈ పరీక్ష మరింత దగ్గరది. 2011 జనాభా లెక్కలలో ద్వీపవాసులు నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా చెప్పిరి. వారిలో ఉత్తరాంధ్ర తీరము నుండి పోయిన జాలరి కుటుంబములు పెక్కు. వారిని చూచి ‘మనవారు ఇచ్చటను ఉన్నారు’ అని మురిసి ఊరకుండుట చాలదు. వారు ఎవరి పక్కన, ఎవరి తరువాత, ఏ బ్రతుకుతెరువునకై నిలిచిరో చెప్పవలెను. వీరాస్వామయ్య ధరలు వ్రాసినప్పుడు చేసినది ఇట్టి పనియే. చిన్న సీమను గూర్చిన గ్రంథమునకు కావలసినది పుటల విస్తారము కాదు; తినిన అన్నము ఏ పొలమున పండినదో, ఆ పొలము అంతకుముందు ఎవరి అడవియో అడిగి తెలిసికొను ఓపిక. అది లేని యాత్రాగ్రంథము దారి చూపగలదు గాని, దేశమును చూపలేదు.