నారి లాగిన చేతికి నమస్కారం

చల్లపల్లి మండలంలో నడకుదురు ఒడ్డును ఒరుసుకుంటూ సముద్రానికి సాగే కృష్ణమ్మను, ఎగువన విజయవాడ దగ్గర ఓ నాలుగేళ్ల పిల్ల ఈదింది. 5 కిలోమీటర్లు, 3 గంటల 20 నిమిషాలు! ఆ పిల్లే వెన్నం జ్యోతి సురేఖ. తండ్రి సురేంద్రకుమార్ ఒకప్పటి కబడ్డీ ఆటగాడు, పశువైద్యుడు. నీళ్లలో అలవడిన ఓర్పుతోనే ఆమె తర్వాత విల్లు పట్టింది.

ఆమె పట్టిన కాంపౌండ్ విల్లు కొసలకు కప్పీలుంటాయి. నారిని పూర్తిగా లాగాక ఆ లాగుడు బరువులో చాలా భాగాన్ని అవే మోస్తాయి. గురి మాత్రం మనిషిదే. 50 మీటర్ల దూరాన, 8 సెంటీమీటర్ల వెడల్పున్న పది పాయింట్ల వలయం. ఊపిరి కుదురుగా ఉండాలి, భుజం చలించకూడదు, వేలు తొందరపడకూడదు. ప్రతి బాణానికీ అదే నిలకడ కావాలి.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల వ్యక్తిగత ఫైనల్లో ఆమె 15 బాణాలకు 149 పాయింట్లు సాధించింది. పద్నాలుగు పదులు, ఒక తొమ్మిది! మహిళల జట్టు, మిక్స్‌డ్ జట్టు స్వర్ణాలతో కలిపి మూడు బంగారు పతకాలు తెచ్చింది.

చేసిన పనినే విసుగు లేకుండా, రోజురోజుకూ మెరుగ్గా చేయడమే ఆమె గొప్పతనం. మన కృష్ణా డెల్టా పిల్లలు ఏ ఆట ఎంచుకున్నా ఆమె నుంచి ముందుగా నేర్చుకోవాల్సింది ఆ శ్రద్ధే.