సంతకమునకు ముందు

కార్మిక సంఘములలో చిరకాలము పనిచేసినవారికి సమ్మెలు, ఒడంబడికలు, గుర్తింపు ఎన్నికలు జ్ఞాపకముండును గాని, నన్నడిగినచో ఆ పనిలో మిక్కిలి సూక్ష్మమైనదియు, మిక్కిలి కఠినమైనదియు, ఎవ్వరును గ్రంథస్థము చేయనిదియునగు విద్య వేరొకటి కలదని చెప్పుదును. ఛార్జిషీటు అందుకొన్న కార్మికుడు డ్యూటీ దిగి తిన్నగా యూనియను ఆఫీసుకు వచ్చి, బల్లమీద కూర్చుండి, “అన్నగారూ, రాజీనామా రాసిచ్చేమంటారా, వాళ్లే తీసేసేదాకా ఉండమంటారా?” అని అడిగినప్పుడు అతనికి తగిన ఆలోచన చెప్పగలుగుటయే ఆ విద్య. విశాఖపట్టణములో ఒక కర్మాగారపు యూనియనులో ప్రతినిధిగానున్న కాలమున ఈ ప్రశ్నను పలువురి నోట వింటిని. అందరికిని సరిపడు సమాధానము దీనికి లేదు. కాని సమాధానమును చేరుటకొక మార్గము కలదు. ఆ మార్గమును విడిచి, భయమునకు లోబడి ఒక్క రాత్రిలో సంతకము చేసినవారి ఇండ్లను చూచినవాడను గనుక ఈ వారము దానినిగూర్చి వ్రాయుచున్నాను.

ఈ ప్రశ్న సాధారణముగా కార్మికుని మనస్సున తనంత తాను పుట్టదు. షిఫ్టు ముగియు వేళకు పర్సనలు ఆఫీసునుండి పిలుపు వచ్చును, కుర్చీ చూపుదురు, టీ తెప్పింతురు, పిమ్మట మృదుస్వరముతో, “ఎంక్వయిరీ అంటూ మొదలైతే డిస్మిస్ తప్పదయ్యా, సర్వీసు మీద మచ్చ పడిపోతుంది, నీ అంతట నువ్వే కాగితం రాసిస్తే లెక్క తేల్చి గౌరవంగా పంపిస్తాం” అని హితవు చెప్పుదురు. ఈ మాటలో అసత్యము లేకపోవచ్చును, ఏలయన తొలగింపబడినవానికి వేరొకచోట కొలువు దొరకుట నిజముగనే కష్టము. కాని ఆ హితవు చెప్పువారు తమకు కలుగు లాభమును మాత్రము పైకి చెప్పరు. ఒక కార్మికుని క్రమప్రకారము తొలగింపవలెనన్న, ఆరోపణను స్పష్టముగా వ్రాసి యీయవలెను. అతని సంజాయిషీ తీసికొనవలెను. పక్షపాతము లేని విచారణాధికారిని కూర్చుండబెట్టవలెను. సాక్షులను అతని యెదుటనే పలికించి, అతనికిని అతని పక్షమున కూర్చున్న తోటి కార్మికునికిని వారిని ప్రశ్నించు అవకాశమీయవలెను. కడకు విచారణ నివేదికను అతని చేతికిచ్చి మరల అతని మాట వినవలెను. ఇందులో ముఖ్యమైన మెట్టు ఒకటి తప్పినను ఆ ఉత్తరువు లేబరు కోర్టులో నిలువకపోవచ్చును. రాజీనామా చేతికి వచ్చినచో ఈ శ్రమ యంతయు ఒక్క సంతకముతో తీరిపోవును. అందుచేతనే ఆరోపణ ఎంత బలహీనమైనదైతే ఆ హితవు అంత మధురముగా నుండుట నేను గమనించితిని.

తొలగింపబడినవానికి చట్టము తెరచియుంచిన ద్వారములు ఒక్కనాటివి కావు. 1947లో పారిశ్రామిక వివాదముల చట్టము అమలునకు వచ్చినను, ఒంటరి కార్మికుని తొలగింపును అతని యూనియను గాని తోటివారిలో తగినంతమంది గాని తమదిగా చేపట్టిననే తప్ప అది వివాదముగా పరిగణింపబడెడిది కాదు. 1965లో చేర్చిన 2ఏ సెక్షను ఆ లోటును తీర్చినది. 1971లో వచ్చిన 11ఏ సెక్షను అంతకంటెను గొప్పది. అంతకు పూర్వము విచారణలో దురుద్దేశమున్నదా, సహజన్యాయము మీరబడినదా అను సంగతులను మాత్రమే చూచు న్యాయస్థానము, అటుపిమ్మట సాక్ష్యమును తానే తూచి, తప్పునకు తగిన శిక్షయేనా అని విచారించి, తొలగింపును రద్దుచేసి చిన్న శిక్షతో సరిపెట్టు అధికారమును పొందినది. ప్రభుత్వము వివాదమును రిఫరు చేయువరకు వేచియుండనక్కరలేకుండ కార్మికుడు తానే నేరుగా లేబరు కోర్టుకు పోవుటకు మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లోనే సవరణ చేసినది. దేశమంతటికిని ఆ సౌకర్యము 2010లో గాని కలుగలేదు. 2025 నవంబరు 21 నుండి పాత చట్టము స్థానమున పారిశ్రామిక సంబంధముల కోడు వచ్చినను, శిక్షను తూచి తగ్గించు ఆ అధికారము ట్రిబ్యునలుకు నిలిచియే యున్నది. ఈ ద్వారములన్నియు తొలగింపబడినవాని కొరకైనవి. స్వహస్తముతో వ్రాసి వెడలినవాడు, ఆ వ్రాత బలవంతముచే వ్రాసినదని తానే ఋజువు చేసిన పిమ్మట గాని ఆ ద్వారముల గడప తొక్కజాలడు. మూసిన గదిలో ఇద్దరు అధికారుల నడుమ జరిగిన బలవంతమునకు సాక్షి యెక్కడ దొరకును?

కార్మికులను ఎక్కువగా కలతపెట్టునది గ్రాట్యుటీ. డిస్మిసైనచో పైసా రాదని మా గేటువద్ద స్థిరమైన నమ్మకముండెడిది. ప్రావిడెంటు ఫండులో అతని పేర జమయైన సొమ్ము అతనిదే. గ్రాట్యుటీయో, 1972 నాటి చట్టము నెలకొల్పిన నియమము ప్రకారము అయిదేండ్ల సర్వీసు నిండినవానికి ఏడాదికి 15 దినముల వేతనము చొప్పున రాజీనామా చేసినను వచ్చును, తొలగింపబడినను సామాన్యముగా వచ్చును. యజమాని సొత్తునకు నష్టము కలిగించినందులకు తొలగించినచో ఆ నష్టము మేరకే కోత. అల్లరి, హింస, లేదా ఉద్యోగధర్మములో జరిగిన నైతికపతనపు నేరము కారణమైనచో మాత్రము మొత్తము పోగొట్టుకొను అపాయము కలదు. పెన్షనుగల కేంద్రప్రభుత్వ సర్వీసుల సంగతి వేరు. అచ్చట రాజీనామా చేసినవాని గత సర్వీసు కూడ సామాన్యముగా రద్దగును. గౌరవముగా వెడలుచున్నాననుకొని కాగితము వ్రాయువారు ముందుగా ఆ నియమమును చదువుకొనవలెను.

నేను అవలంబించిన పద్ధతి చాల సామాన్యమైనది. మొదట ఛార్జిషీటును అతనిచేతనే బిగ్గరగా చదివించెడివాడను. భయమున్నప్పుడు మనుష్యుడు కాగితమును చూచును గాని చదువడు. బిగ్గరగా చదివినప్పుడు అందు తేదీ లేదనియో, సాక్షి పేరు లేదనియో, తాను ఆనాడు సెలవులో నున్నాననియో అతనికే స్ఫురించును. పిమ్మట “నీవు చేసితివా” అని గాక, “వారి చేతిలో ఏ కాగితమున్నది” అని అడిగెడివాడను. అటుతరువాత, మరునాడు భార్యను గూడ వెంటబెట్టుకొని రమ్మనెడివాడను. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, చీటీపాట బాకీ ఎంతెంతయో ఆమెకు తెలిసినట్లు అతనికి తెలియదు, లేబరు కోర్టు వాయిదాల నడుమ ఇల్లు నడుపవలసినది కూడ తరచుగా ఆమెయే. ఆ రాత్రి గడచువరకు తెల్లకాగితము ముట్టనని మాట తీసికొని పంపెడివాడను.

రాజీనామాయే మేలని నేను చెప్పిన సందర్భములు లేకపోలేదు. క్యాషు వ్యవహారములో చేతివ్రాతతో సహా పట్టుబడి, నిజము తనకే తెలిసియున్నవానిని విచారణకు నిలువుమని ప్రోత్సహించుట స్నేహము కాదు. న్యాయస్థానము ఎల్లప్పుడును కార్మికుని పక్షమే యుండునని నమ్మించుటయు స్నేహము కాదు: పనివేళ నిద్రించినాడని 1983లో ఆరోపింపబడిన భారత్ ఫోర్జ్ కార్మికుని కేసు 2005లో సుప్రీంకోర్టులో ముగిసినది, అతని పూర్వపు తప్పులను గూడ లెక్కించి తొలగింపునే ఆ కోర్టు ఖాయపరచినది. ఇరువదేండ్లకు పైబడిన నిరీక్షణ యది. వేరొక కొలువు చేతనున్నవాడు, మనస్సు విరిగినవాడు, ముసలి తల్లిదండ్రులున్న ఊరికి మరలదలచినవాడు రాజీనామా చేయుట అతని స్వాతంత్ర్యము. అట్టివానికి మేము చేయవలసినది బేరము: బకాయిలెన్ని, సర్వీసు సర్టిఫికెట్టులో ఏ మాట యుండును, ఛార్జిషీటు ఉపసంహరింతురా యను సంగతులు కాగితముమీద తేలిన పిదపనే రాజీనామా యీయవలెను. ఆమోదమునకు ముందు, లేదా అమలునకు వచ్చు తేదీకి ముందు, రాజీనామాను సామాన్యముగా వెనుకకు తీసికొనవచ్చునని సుప్రీంకోర్టు పలుమారులు చెప్పియున్నది. కొందరు అధికారులు ఆమోదపత్రమును ముందుగనే టైపు చేయించి సిద్ధముగా నుంచుకొనుటకు కారణమిదియే.

2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీలో సుమారు 48,000 మంది సమ్మెకు దిగినప్పుడు, గడువులోగా డ్యూటీకి రానివారు తమ్ము తామే తొలగించుకొన్నట్లేనని ముఖ్యమంత్రి ప్రకటించినారు. ఆ దినములలో ఆర్టీసీ కుటుంబములు పడిన వేదనను పత్రికలలో చదివి నిద్రపట్టనివారిలో నేనొకడను. కాని డ్రైవర్లు, కండక్టర్లు రాజీనామా కాగితములు వ్రాసి యీయలేదు. వారిపై విచారణయును జరుగలేదు. విచారణ లేక, గైరుహాజరు కారణముగా ఉద్యోగము దానంతటదే పోయినదనుట రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని జేఎంఏ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తీర్పు చెప్పియున్నది. 52 దినముల పిమ్మట, నవంబరు 25న, సమ్మె విరమింపబడినది. 28న ముఖ్యమంత్రి వారిని పనిలోనికి రమ్మనినారు. ఆ నడుమ వారు జీతములు కోల్పోయినారు, ఆప్తులను గూడ కోల్పోయినారు. అయినను వారి ఉద్యోగము వారిదిగనే యుండుటకు, వేలమందిలో భయము నాటిన నాళ్లలో కూడ వారు కలము పట్టకపోవుట ఒక ముఖ్యకారణమని నా దృఢవిశ్వాసము.

రాజీనామా స్వతస్సిద్ధముగా పిరికితనమని నే ననజాలను. బరంపురమున జన్మించి, రైలు కార్మికోద్యమములో పండి, కేంద్ర కార్మికశాఖామాత్యులైన వి.వి. గిరిగారు, బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునలు ఇచ్చిన అవార్డును ప్రభుత్వము తగ్గించినందులకు నిరసనగా 1954లో పదవిని త్యజించినారు. ఆ త్యాగమువలన వారి మాటకు బలము హెచ్చినది. మూసిన గదిలో, ఇతరుడు చెప్పుచుండగా వ్రాయించిన నాలుగు పంక్తులకు అట్టి బలమెన్నడును రాదు.

ఇంతకును కార్మికుని చేత ఆ పంక్తులు వ్రాయించునది తరచుగా అధికారి గాక ఆకలియే. సస్పెన్షనులో నున్నవానికి మొదటి 90 దినములు సగము జీతము, జాప్యము అతనివలన గానిచో అటుపిమ్మట ముప్పాతిక జీతము ఈయవలెనని నియమము. ఆ సగముతో ఇల్లు గడువదు. జీతముల నాడు మేము గేటువద్ద నిలిచి, యూనియను చందాతోపాటు సస్పెన్షను కుటుంబముల కొరకని వేరుగా కొంత వసూలు చేసెడివారము; ఆ సొమ్ముతో బియ్యము, అద్దె ముట్టిన ఇంటినుండి తొందరపాటు రాజీనామా వచ్చుట అరుదు. వివాదములలో సభ్యులకు కలిగిన నష్టమును నిధినుండి పూడ్చుటకు 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే అనుమతించియుండెను. ఇంతకాలము 100 మంది పనిచేయు సంస్థకు వర్తించిన స్టాండింగ్ ఆర్డర్ల నియమము కొత్త కోడులో 300 మందికి చేరినందున, ఆ సగము జీతము సైతము నిశ్చయము కాని చిన్న కర్మాగారములు ఇకమీదట పెక్కు కానున్నవి. విశాఖ, పటాన్‌చెరు, జీడిమెట్ల ప్రాంతముల యూనియన్ల నాయకులు రాబోవు మహాసభలలో ఈ నిధిని ప్రత్యేకాంశముగా చేర్చి, చందాలో దానికొక పాలు నిర్ణయింపవలసినదిగా కోరుచున్నాను.