తల్లిపాల చక్కెర: పాఠములో చాలని వాక్యము

"పాలలోని చక్కెర లాక్టోజు" అని తరగతిలో ఒక్క వాక్యముతో ముగించుట పరిపాటి. ఆవుపాలకు ఈ వాక్యము దాదాపు చాలును. తల్లిపాలకు చాలదు.

లీటరు తల్లిపాలలో లాక్టోజు సుమారు 70 గ్రాములు. దానిపై అల్లుకొన్న సంశ్లిష్ట శర్కరలు మరి 5 నుండి 15 గ్రాములు. ముర్రుపాలలో 20 గ్రాములు దాటుట కలదు. గ్లూకోజు, గాలక్టోజు, ఎన్-అసిటైల్ గ్లూకోసమైను, ఫ్యూకోజు, సయాలిక్ ఆమ్లము అను ఐదు ఇటుకలతో కట్టిన ఇట్టి నిర్మాణములు 150కి పైగా గుర్తింపబడినవి. శిశువు వీనిని జీర్ణించుకొనలేదు. పేగులోని మేలుచేయు బిఫిడో బాక్టీరియాలకు ఇవి ఆహారము. 1950 దశకములో రిచర్డ్ కూన్, పాల్ గ్యోర్గి ఈ సంబంధమును పరిశోధించిరి.

నిర్మాణము తేల్చుట తేలిక కాదు. లాక్టో-ఎన్-టెట్రావోజు, లాక్టో-ఎన్-నియోటెట్రావోజు రెండింటి అణుభారము సుమారు 707. చివరి గాలక్టోజు పక్క చక్కెరలోని 3వ కార్బనుకు అంటినచో మొదటిది, 4వ కార్బనుకు అంటినచో రెండవది. తూకము ఈ తేడాను చెప్పదు. నిర్ణీత బంధమునే తెంచు ఎంజైములు, కేంద్రక అయస్కాంత అనునాదము వంటి సాధనములు కావలెను.

నేడు కొన్ని డబ్బాపాలలో ఇట్టి శర్కరలు కొద్ది రకములు కలుపుచున్నారు. కొద్ది ఇటుకలు ఇల్లు కాజాలవు.

దాచేపల్లి వంటి ఊళ్లలో గేదె ఈనినచో జున్ను ఇరుగుపొరుగుకు పంచుదురు. తల్లి ముర్రుపాలను మాత్రము పిండి పారబోసి, బిడ్డకు పంచదార నీళ్లు పట్టు ఇండ్లు మన పల్లెలలో ఉండెడివి. ఆ అలవాటును మన పాఠము ప్రశ్నింపలేదు. ఉపాధ్యాయులు ఆ రెండవ వాక్యమును చేర్చవలెను: పారబోసినది చెడుపాలు కాదు, ఆ శర్కరలు మిక్కిలిగా ఉన్న పాలు.