వేలంలో స్థలం, అనుమానంలో అనుమతి

హైదరాబాద్ శివార్లలో బ్యాంకులు వేలానికి పెట్టే ఖాళీ స్థలాలు బయటి ధర కంటే తక్కువకు దొరుకుతాయన్న నమ్మకం నిరాధారమైనది కాదు. అయితే ఆ తగ్గుదలకు అసలు యజమాని అప్పు తీర్చలేకపోవడం ఒక్కటే కారణమనుకోవడం తరచుగా కొనుగోలుదారును నష్టపరుస్తుంది. స్థలం మీద హక్కు ఒకటి, ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి స్థానిక సంస్థ ఇచ్చే అనుమతి మరొకటి. వేలంలో చేతులు మారేది మొదటిది మాత్రమే. రెండోదాని సంగతి పాటదారు స్వయంగా తేల్చుకోవలసిందే, అదీ పాట మొదలు కాకముందే.

ఈ తొందరకు కారణం చట్టం పెట్టిన గడువులలోనే ఉంది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చినది 2002 నాటి సర్ఫేసీ చట్టం. దాని నిబంధనల ప్రకారం పాట దక్కించుకున్నవారు ధరావతుతో (పాటలో పాల్గొనేందుకు ముందుగా కట్టే సొమ్ముతో) కలిపి ధరలో 25 శాతాన్ని అదే రోజు, లేదా మరుసటి పనిదినానికల్లా చెల్లించాలి; అమ్మకం ఖరారైన 15 రోజులలోగా మిగిలినది కట్టాలి; బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ గడువు గరిష్ఠంగా మూడు నెలల వరకు పెరుగుతుంది. కట్టలేకపోతే అప్పటిదాకా చెల్లించినది జప్తవుతుంది. ఇలా జప్తయిన 25 శాతంలో కొంత తిరిగి ఇవ్వాలన్న మద్రాసు హైకోర్టు తీర్పును 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ ఆస్తి తర్వాత అంతకంటే ఎక్కువ ధరకే అమ్ముడైనప్పటికీ మొత్తం సొమ్మును జప్తు చేసుకునే అధికారం బ్యాంకుకు ఉందని తేల్చింది. చెల్లింపు గడువు రోజులలో, అనుమతుల వ్యవహారం నెలలలో, ఒక్కోసారి ఏళ్లలో నడుస్తుంది కనుక, పాట గెలిచాక విచారించుకోవచ్చునన్న ఆలోచనకు ఇక్కడ చోటు లేదు.

వేలం ప్రకటనను చదవడం ఈ విద్యలో మొదటి మెట్టు. ‘ఉన్నది ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు దాదాపు ప్రతి ప్రకటనలోనూ కనిపిస్తుంది. ఆస్తిలోని లోపాలకు బ్యాంకు బాధ్యత వహించదని దాని భావం. తనకు తెలిసిన బకాయిలు, తాకట్లు ఏవైనా ఉంటే బ్యాంకు ప్రకటనలో చెప్పాలి గానీ, లేఅవుట్‌కు అనుమతి ఉన్నదీ లేనిదీ సాధారణంగా అందులో కనిపించదు. షెడ్యూలులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు మాత్రం ఉంటాయి. ‘తూర్పున 30 అడుగుల రోడ్డు’ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ రోడ్డు నేల మీద ఉందనుకోవడానికి వీల్లేదు. ప్లాటు నంబరు ఉండి, లేఅవుట్ అనుమతి నంబరు ఎక్కడా లేకపోతే, అది వ్యవసాయ భూమిని కాగితం మీద గీతలు గీసి అమ్మిన వెంచర్ కావచ్చునని అనుమానించాలి.

అలాంటి ప్లాట్లకు తెలంగాణలో ఉన్న దారి క్రమబద్ధీకరణ, అంటే రుసుము తీసుకుని అనుమతి లేని ప్లాటును ప్రభుత్వం గుర్తించే పథకం. దాన్నే జనం ఎల్‌ఆర్‌ఎస్ అంటారు. 2020లో వచ్చిన ఎల్‌ఆర్‌ఎస్‌కు ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లనే ప్రాతిపదికగా తీసుకున్నారు. అప్పట్లో విడి ప్లాటుకు దరఖాస్తు రుసుము 1,000 రూపాయలు. కాబట్టి పాత యజమాని దస్తావేజు ఏ తేదీన రిజిస్టరైంది, ఆయన దరఖాస్తు పెట్టారా, పెడితే అది ఏ దశలో ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరకనిదే ధర గురించి ఆలోచించడం అనవసరం. క్రమబద్ధీకరణ రుసుముతో పాటు, లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలని చోట్ల దాని లోటుకు ప్లాటు విలువలో 14 శాతం వరకు అదనంగా పడుతుంది.

చెరువు పక్కనున్న స్థలానికి ఏ రుసుమూ దారి చూపదు. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అని, దాని వెలుపల నిర్మాణాలు నిషేధించిన మేరను బఫర్ అని అంటారు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు బఫర్ 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు. ముప్ఫై అడుగుల వెడల్పు, అరవై అడుగుల లోతుతో 200 చదరపు గజాల ప్లాటును ఊహించుకుని, దాని వెనుక హద్దే ఒక చిన్న కుంట ఎఫ్‌టీఎల్ గీత అనుకుంటే, 9 మీటర్లు దాదాపు 30 అడుగులు గనుక సగం ప్లాటు బఫర్‌లోకి పోతుంది. అదే పెద్ద చెరువైతే మొత్తం ప్లాటు పోతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలో మాత్రం అప్పటికీ 200 గజాలే కనిపిస్తాయి. పైగా ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే వెలువడిన చెరువుల హద్దులు తుది నోటిఫికేషన్‌లో మారే అవకాశం ఉంటుంది. ఎండాకాలంలో బీడుగా కనిపించే నేలను చూసి మురిసిపోకుండా, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువుల పటాన్ని, గ్రామ నక్షాను పక్కపక్కన పెట్టుకుని చూడడం అందుకే అవసరం. మాస్టర్ ప్లాన్ ఆ సర్వే నంబరును నివాస మండలంగా చూపుతున్నదో, పరిరక్షణ మండలంగా చూపుతున్నదో చెప్పే భూ వినియోగ ధ్రువపత్రాన్నీ, రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితానూ అదే వరుసలో పరిశీలించాలి.

ఇవన్నీ చూశాక కూడా కొంత అనిశ్చితి మిగులుతుంది, దానికి ధర కట్టడమే అసలు నేర్పు. అనుమతి ఉంటే 40 లక్షలు, లేకుంటే 10 లక్షలు పలికే స్థలానికి సగటున 25 లక్షలు పెట్టవచ్చునన్న లెక్క, అవకాశాలు సరిసమానమనుకుంటే, అలాంటి స్థలాలు ఇరవై కొనే వ్యాపారికి సరిపోవచ్చు. జీవితకాలపు పొదుపుతో ఒక్కటే కొనే ఉద్యోగికి సగటు అన్నది లేదు, ఆయనకు వచ్చేది 40 గానీ 10 గానీ. అందువల్ల అటువంటి పాటదారు తన గరిష్ఠ ధర లెక్కను పది లక్షల వైపు నుంచి మొదలుపెట్టి, పోయినా తట్టుకోగలిగినంత మాత్రమే పైకి పెంచుకోవడం, ఎదుటివారు ఎంత పెంచినా ఆ గీత దాటకపోవడం వివేకం.

బ్యాంకులు కూడా లేఅవుట్ అనుమతి నంబరును, ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు స్థితిని ప్రకటనలోనే అచ్చువేస్తే వేలాలపై నమ్మకం పెరుగుతుంది, వివాదాలు తగ్గుతాయి. అంతవరకు కొనుగోలుదారు పాటించవలసిన నియమం ఒక్కటే: అనుమతి విషయంలో రాతపూర్వకమైన జవాబు చేతికి అందకముందే ధరావతు కట్టకూడదు.